బిల్లు తగ్గుతుందన్నది సరే, సొంతిల్లు ఉన్నవాళ్లు సోలార్‌కి మారడానికి ఇంకేమైనా గట్టి కారణం ఉందా?

మేడపైగది:

అందరికీ నమస్తే. సొంతిల్లు, పైన డాబా ఖాళీగానే ఉంటుంది, బట్టలు ఆరేయడానికి తప్ప ఎవరూ ఎక్కరు. ఇంట్లోవాళ్లు ఎప్పట్నుంచో సోలార్ పెట్టిద్దాం అని పోరు పెడుతున్నారు. ఎవర్ని అడిగినా ఒకటే మాట, బిల్లు సున్నా అయిపోతుంది అని. అమ్మేవాళ్లదీ అదే పాట, పెట్టించుకున్నవాళ్లదీ అదే పాట. సరే, బిల్లు తగ్గుతుంది, కాదనను. కానీ అంత డబ్బు ఒకేసారి గుమ్మరించి, నెలనెలా కాస్త కాస్త మిగుల్చుకోవడం లాభమా, లేక ఆ డబ్బేదో బ్యాంకులో పడేసి మామూలుగా బిల్లు కట్టుకుంటూ పోవడం నయమా? ఈ లెక్క ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు.

ఇంకో రెండు డౌట్లు. కరెంటు పోయినా ఇంట్లో అన్నీ నడుస్తాయి కదా అన్న ఆశ ఉంది, అది నిజమేనా? అలాగే ఆఫీసులో ఒకాయన, ఆ ప్యానెల్స్ తయారుచేయడానికి అయ్యే కరెంటే అవి జన్మలో తిరిగి ఇవ్వలేవు, పర్యావరణం అంతా ఉత్త కబుర్లు అని గట్టిగా వాదించాడు. నా దగ్గర జవాబు లేక ఊరుకున్నా. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, అమ్మకం మాటలు వద్దు.

చివరిశ్లాబు:

మీ మొదటి ప్రశ్నే అసలైన ప్రశ్న అండి. బిల్లు సున్నా అన్న మాట పక్కన పెట్టేయండి, దానితో ఏమీ తేలదు. నేనైతే ఇలా చూస్తాను: సోలార్ పెట్టించడం అంటే రాబోయే 25 ఏళ్ల కరెంటులో కొంత భాగాన్ని ఈరోజే ఒకే రేటుకి కొనిపెట్టుకోవడం. ఆ రేటు ఎంత పడుతోందో తెలిస్తే మిగతాదంతా తేలిపోతుంది.

ఉదాహరణకి 3 కిలోవాట్ల సిస్టమ్ తీసుకోండి. ఎండ బాగా కాసే చోట కిలోవాట్‌కి ఏడాది సగటున రోజుకి 4 యూనిట్ల దాకా వస్తాయి, మబ్బు ఎక్కువుండే చోట 3 కన్నా తక్కువే. 4 అనుకుంటే రోజుకి 12, ఏడాదికి సుమారు 4,380 యూనిట్లు. ప్యానెల్ ఏడాదికి దాదాపు అర శాతం చొప్పున బలం తగ్గుతూ పోతుంది కాబట్టి 25 ఏళ్లలో మొత్తం లక్ష యూనిట్లు పైచిలుకు. ఇప్పుడు మీకిచ్చిన కొటేషన్‌కి, మధ్యలో కనీసం ఒకసారి ఇన్వర్టర్ మార్చే ఖర్చు కలిపి (ప్యానెల్ ఇచ్చే డీసీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టె అది, సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లు వస్తుంది, ప్యానెల్స్ అంత కాలం రాదు), ఆ మొత్తాన్ని లక్షతో భాగించండి. వచ్చేదే మీ యూనిట్ రేటు. దాన్ని మీ బిల్లులో చివరి శ్లాబు రేటుతో (వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే మెట్లలో అన్నిటికన్నా పైదానితో) పోల్చండి. సగటు రేటుతో కాదు, చివరి శ్లాబుతో. ఎందుకంటే శ్లాబులున్న చోట సోలార్ ముందుగా కోసేది మీ బిల్లులో అన్నిటికన్నా ఖరీదైన యూనిట్లనే. నెలకి చాలా తక్కువ వాడేవాళ్లకి ఈ లాభం పెద్దగా కనబడకపోవడానికి కారణం కూడా ఇదే.

బ్యాంకు విషయం. వడ్డీ మీద చాలాచోట్ల పన్ను కట్టాలి, కట్టక్కర్లేని బిల్లు మీద పన్ను ఉండదు. కరెంటు రేటు పెరిగినప్పుడల్లా మీకు మిగిలేదీ పెరుగుతుంది, బ్యాంకు వడ్డీ మాత్రం పెరగొచ్చు తగ్గొచ్చు. అయితే బ్యాంకులో డబ్బు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, డాబా మీది ప్యానెల్‌ని అలా అమ్ముకోలేరు. అందుకే అత్యవసరానికి దాచుకున్న డబ్బు దీంట్లో పెట్టకండి. అప్పు చేసి పెట్టిస్తే ఏటా మిగిలేది ఆ ఏడాది కట్టే వాయిదాల కన్నా ఎక్కువ ఉందా లేదా చూసుకోండి, అదొక్కటీ చాలు.

ఇక్కడ చాలామంది దాటేసే మెలిక ఒకటుంది. మీరు గ్రిడ్‌లోకి, అంటే వీధి కరెంటు లైన్‌లోకి పంపే యూనిట్‌కి కరెంటు కంపెనీ ఏం ఇస్తుంది? యూనిట్‌కి యూనిట్ తీసేసే నెట్ మీటరింగ్ అయితే గ్రిడ్డే మీ బ్యాటరీ, ఎప్పుడు వాడినా ఒకటే. అలా కాకుండా మీరు పంపేదానికి తక్కువ రేటు కట్టి, మీరు తీసుకునేదానికి పూర్తి రేటు వసూలు చేసే పద్ధతి అయితే కథ మారుతుంది. అప్పుడు పగలు ఇంట్లో వాడుకున్న యూనిట్‌కే అసలు విలువ. వాషింగ్ మెషీన్, నీళ్ల మోటారు, గీజర్ ఇవన్నీ మధ్యాహ్నానికి మార్చుకోగలిగిన ఇంటికీ, పొద్దున్నే తాళం వేసి రాత్రి వచ్చే ఇంటికీ ఒకే సిస్టమ్ మీద మిగిలేది ఒకలా ఉండదు. కొటేషన్ ఇచ్చేవాడు ఈ తేడా ఎప్పుడూ చెప్పడు.

ఆగిచూద్దాం:

ఇదంతా బానే ఉంది కానీ తొందరేముంది అంటాను. ఏటికేడు ప్యానెల్స్ చవకవుతున్నాయి, టెక్నాలజీ మారుతోంది. ఈరోజు కొంటే నాలుగేళ్లకి పాత మోడల్ అయిపోతుంది. ఫోన్ కొన్నాక నెలకే కొత్తది వచ్చిన బాధ మనకి తెలియంది కాదు. కొన్నాళ్లు ఆగితే సగం డబ్బుకే రెట్టింపు కరెంటు ఇచ్చేవి వస్తాయి. అప్పటిదాకా బిల్లు కట్టుకోండి.

ఫ్యూజ్‌వైరు:

ఆగిచూద్దాం గారూ, నేను ఇవి బిగించే పనిలోనే ఉన్నాను కాబట్టి నా మాట కొంచెం తగ్గించి తీసుకోండి, కానీ రెట్టింపు కరెంటు అనేది మాత్రం జరగదు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ వాళ్లు పనికొచ్చే మొదటి సిలికాన్ సోలార్ సెల్ చూపించినప్పుడు అది ఎండలో 6 శాతాన్నే కరెంటుగా మార్చింది. ఇప్పుడు మార్కెట్లో దొరికే మామూలు ప్యానెల్ 20 నుంచి 23 శాతం దాకా మారుస్తుంది. సిలికాన్ ఒక్కదానితో చేసే సెల్‌కి సిద్ధాంతం ప్రకారమే 29 శాతం దగ్గర గోడ ఉంది, దాన్ని దాటడం కుదరదు. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే ఇంకో పదార్థం పొర వేసిన సెల్స్ ల్యాబుల్లో 33 శాతం దాటిన మాట నిజమే, కానీ అవి ఎండకీ తేమకీ పాతికేళ్లు తట్టుకుంటాయని నమ్మకంగా చెప్పే రోజు ఇంకా రాలేదు. అంటే ఈరోజు కొన్న ప్యానెల్ పదేళ్ల తర్వాత పాతదే అవుతుంది, పనికిరానిది అవదు. ఫోన్‌లా దాంట్లో కొత్త యాప్ ఎక్కకపోవడం అంటూ ఏమీ ఉండదుగా, ఎండ పడితే కరెంటు ఇస్తుంది.

ధర సంగతి. 2010 నుంచి 2020 మధ్య ప్యానెల్ ధర దాదాపు 90 శాతం పడిపోయింది, అది చరిత్ర. కానీ ఇప్పుడు ఒక ఇంటి సిస్టమ్ ఖర్చులో ప్యానెల్ వాటా బాగా తగ్గిపోయింది. మిగతాదంతా ఇన్వర్టర్, ఇనుప స్ట్రక్చర్, కేబుల్, ఎర్తింగ్, కూలీ, పర్మిషన్లు. ఇనుమూ కూలీ చవకవడం మీరెప్పుడైనా చూశారా? ప్యానెల్ ఇంకో సగం తగ్గినా మొత్తం కొటేషన్ సగం అవదు, ఈలోపు కట్టిన బిల్లులు పోయినట్టే.

మేడపైగది గారికి కరెంటు పోయినప్పుడు ఏమవుతుందన్నది చెప్తాను, ఎందుకంటే మేము బిగించి వచ్చాక ఎక్కువగా తిట్లు పడేది దీనికే. మామూలు ఆన్‌గ్రిడ్ సిస్టమ్ (బ్యాటరీ లేకుండా నేరుగా గ్రిడ్‌కి కలిపేది) అయితే వీధిలో కరెంటు పోగానే మీ సోలార్ కూడా ఆగిపోతుంది. నడినెత్తిన ఎండ కాస్తున్నా సరే. అది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. లైన్ మీద కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన మనిషికి మీ ఇంటి నుంచి వెనక్కి వచ్చే కరెంటు తగలకూడదని ఇన్వర్టర్ తనంతట తాను ఆపేసుకుంటుంది. కరెంటు పోయినా నడవాలంటే గ్రిడ్‌తోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి, గ్రిడ్ నుంచి విడగొట్టే స్విచ్ ఉండాలి. ఇది ముందే అడగండి. కొటేషన్‌లో ఆన్‌గ్రిడ్ అని రాసి నోటితో మాత్రం ఇరవై నాలుగు గంటలు కరెంటు సార్ అనేవాళ్లు ఉన్నారు.

మేడపైగది:

చాలా థాంక్స్ అండి, ఆన్‌గ్రిడ్ ఆగిపోతుందన్న సంగతి ఒక్కరు కూడా చెప్పలేదు నాకు! అయితే బ్యాటరీ పెట్టించుకోవడమే మంచిదా? మా దగ్గర కరెంటు రోజూ పోదు కానీ గాలివాన వస్తే గంటల తరబడి రాదు. ఇంకోటి, డాబా మీద ఒక మూల నీళ్ల ట్యాంకు ఉంది, సాయంత్రం దాని నీడ సగం డాబా మీద పడుతుంది. పక్కింటివాళ్లు మూడో అంతస్తు కూడా లేపుతారని అంటున్నారు. నీడ పడితే ఎంత తగ్గుతుంది, కొంచెమేనా?

నీడచెట్టు:

నీడ విషయంలో కొంచెం అనేది ఉండదండి, అందుకే రాస్తున్నా. ప్యానెల్‌లో సెల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి. వాటిలో ఒక్కదాని మీద పైపు నీడో కేబుల్ నీడో పడినా ఆ వరస మొత్తం దాని స్థాయికి దిగజారుతుంది. మామూలుగా ప్యానెల్ వెనక డబ్బాలో మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి, అవి నీడ పడ్డ భాగాన్ని దాటవేసి మిగతాదాన్ని కాపాడతాయి. అంటే అరచెయ్యంత నీడకి మూడో వంతు ప్యానెల్ పోయినట్టు. ఇప్పుడొచ్చే హాఫ్‌కట్ ప్యానెల్స్‌లో పైసగం కిందిసగం వేరుగా కలుపుతారు కాబట్టి నష్టం కొంత తగ్గుతుంది. నీడ తప్పని డాబా అయితే ప్రతి ప్యానెల్‌కీ విడిగా మైక్రోఇన్వర్టర్ గానీ ఆప్టిమైజర్ గానీ పెట్టించొచ్చు, ఖర్చు పెరుగుతుంది కానీ ఒక ప్యానెల్ నీడలో ఉన్నా మిగతావి తమ పని తాము చేసుకుంటాయి.

అన్నిటికన్నా ముందు ఒక ఎండరోజు పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగుకి డాబా ఎక్కి నీడ ఎక్కడుందో సుద్దతో గీత గీసి ఫోటో తీసుకోండి. చలికాలంలో సూర్యుడు కిందుగా తిరుగుతాడు, నీడలు పొడుగవుతాయి, కుదిరితే అప్పుడు కూడా చూడండి. ట్యాంకు నీడ సాయంత్రమే అయితే భయం లేదు, ఎక్కువ కరెంటు వచ్చేది తొమ్మిది నుంచి మూడు మధ్యలోనే. పక్కింటి మూడో అంతస్తు మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మీరు భూమధ్యరేఖకి ఉత్తరాన ఉంటే మీ ఇంటికి దక్షిణం వైపు లేచే గోడే అసలు శత్రువు, ఉత్తరం వైపు ఎంత లేపినా మీకు దాదాపు ఫరక్ పడదు. దక్షిణార్ధగోళంలో ఉండేవాళ్లకి ఇది తిరగేసి.

బ్యాటరీ గురించి నా అభిప్రాయం వేరు. మీరు చెప్పినట్టు అప్పుడప్పుడే కరెంటు పోయేదైతే ఇల్లంతటికీ సరిపడా బ్యాటరీ దండగ. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, ఇంటర్నెట్ రౌటర్, ఇంతవరకే ఒక సర్క్యూట్ విడగొట్టి దానికి సరిపడా చిన్నది పెట్టుకోండి. ఏసీలు, మోటార్లు స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటుకి చిన్న సిస్టమ్ ట్రిప్ అయి కూర్చుంటుంది. లెడ్ యాసిడ్ చవక, కానీ సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తూ పోతే త్వరగా పాడవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది 80, 90 శాతం దాకా వాడుకోవచ్చు, వేల సార్లు చార్జ్ చేసుకోవచ్చు. ఇప్పుడే డబ్బు చాలకపోతే బ్యాటరీకి తయారుగా ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ వేయించి బ్యాటరీ తర్వాత కొనుక్కోండి, ఇన్వర్టర్ మళ్లీ మార్చే బాధ తప్పుతుంది.

రెండుమూడేళ్లలో ఇల్లు అమ్మే ఆలోచన ఉన్నా, స్లాబ్ కారుతున్నా, పైన ఇంకో అంతస్తు వేసే ఉద్దేశం ఉన్నా ఇప్పుడు వద్దు. ముందు స్లాబ్ సంగతి చూసుకోండి. ప్యానెల్స్ బిగించాక వాటర్‌ప్రూఫింగ్ చేయించాలంటే అన్నీ విప్పి మళ్లీ బిగించాలి, ఆ కూలీ ఊరికే రాదు.

చివరిశ్లాబు:

ఆఫీసాయన వాదన గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి. ప్యానెల్ తయారీకి బోలెడు కరెంటు ఖర్చవడం నిజమే, సిలికాన్‌ని కరిగించి శుద్ధి చేసి స్ఫటికంగా పెంచడానికి విపరీతమైన వేడి కావాలి. కానీ అంత శక్తినీ ఆ ప్యానెల్ ఎండని బట్టి ఒకటి నుంచి మూడేళ్లలో తిరిగి ఇచ్చేస్తుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకి పైగా ఇచ్చేదంతా మిగులే. తయారీ, రవాణా, చివర్లో పారేయడం దాకా అన్నీ కలిపి లెక్కేసినా, ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2014 నివేదికలో ఇంటిపైన సోలార్‌కి యూనిట్‌కి 41 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన కాలుష్యం, బొగ్గు కరెంటుకి 820 గ్రాములు అని మధ్యస్థ అంకెలు ఉన్నాయి. ఆయనకి ఈ రెండు అంకెలు చెప్పండి చాలు. పాత ప్యానెల్స్‌ని ఏం చేయాలన్నది మాత్రం న్యాయమైన ప్రశ్నే, గాజూ అల్యూమినియం తేలిగ్గా రీసైకిల్ అవుతాయి, అతుక్కుపోయిన లోపలి పొరలని విడదీసి సిలికాన్, వెండి బయటికి తీయడమే కష్టం, దానికి తగినన్ని ఫ్యాక్టరీలు ఇంకా లేవు.

మీరు మొదట అడిగిన గట్టి కారణం, నన్నడిగితే బిల్లులో లేదు. రాబోయే పదేళ్లలో ఇంట్లో కరెంటుతో నడిచేవి పెరుగుతాయా లేదా, అందులో ఉంది. ఎలక్ట్రిక్ కారు కొంటే ఒక యూనిట్‌తో సుమారు 6, 7 కిలోమీటర్లు పోతుంది. అప్పుడు మీ డాబా మీది యూనిట్ పోటీ పడేది కరెంటు రేటుతో కాదు, పెట్రోలు రేటుతో. గ్యాస్ పొయ్యి స్థానంలో ఇండక్షన్ వచ్చినా అంతే. పాత బిల్లు చూసి సైజు తేల్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు, రెండేళ్లకి కారు వస్తుంది, డాబా మీద చోటుండీ ఇన్వర్టర్ చాలదు. కారు ఆలోచన ఉంటే ఇన్వర్టర్ ఒక మెట్టు పెద్దది పెట్టుకోండి, ప్యానెల్స్ తర్వాత కలుపుకోవచ్చు. మీ దగ్గర అలా కలపడానికి మళ్లీ పర్మిషన్ కావాలేమో ముందే కనుక్కోండి.

ఆగిచూద్దాం:

రెట్టింపు మాట వెనక్కి తీసుకున్నా, సరే. కానీ 25 ఏళ్ల గ్యారంటీ అని అందరూ అంటారే, ఆ కాగితం మీద నమ్మకం లేదు నాకు. పాతికేళ్లు ఆ కంపెనీ ఉంటుందా అసలు?

ఫ్యూజ్‌వైరు:

మంచి ప్రశ్న. అక్కడ రెండు వారంటీలు ఉంటాయి, అమ్మేటప్పుడు రెండూ కలిపేసి చెప్తారు. 25 ఏళ్లది సాధారణంగా పనితీరు వారంటీ, అంటే పాతికేళ్ల తర్వాత కూడా మొదట్లో ఇచ్చినదాంట్లో 80 నుంచి 87 శాతం ఇస్తుందన్న హామీ. ప్యానెల్ పగిలిపోతే, లోపలికి తేమ పోతే, వెనక షీటు చిట్లితే అక్కరకొచ్చేది ప్రోడక్ట్ వారంటీ, అది చాలావాటికి 10, 12 ఏళ్లే, కొన్నింటికి మాత్రం 25. ఇన్వర్టర్‌ది 5 నుంచి 10. బిగించినవాడి పని మీద వారంటీ వేరే, దాన్నైతే ఎవరూ అడగరు, నిజానికి తేడాలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

ప్యానెల్ పాడైపోవడం నేను చూసింది తక్కువ. ఎక్కువ చూసింది కనెక్టర్లు కాలడం. ప్యానెల్‌కి ఒక కంపెనీ కనెక్టర్ ఉంటుంది, కేబుల్‌కి వేరే కంపెనీది తెచ్చి తోసేస్తారు, రెండూ ఒకలాగే కనిపిస్తాయి కానీ లోపల పట్టు సరిపోదు, వేడెక్కి కరుగుతుంది. డీసీ కరెంటు కదా, నిప్పురవ్వ మొదలైతే ఏసీలా తనంతట తాను ఆరదు, పైగా ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌ని స్విచ్ తీసి ఆపలేం. కాబట్టి రెండు వైపులా ఒకే కంపెనీ ఒకే రకం కనెక్టర్ వేస్తామని, డీసీ ఐసొలేటర్ (ప్యానెల్స్ లైన్‌ని విడగొట్టే స్విచ్), సర్జ్ ప్రొటెక్షన్ (పిడుగుల్లాంటి వాటికి ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ నుంచి రక్షణ), విడి ఎర్తింగ్ పెడతామని కొటేషన్‌లోనే రాయించుకోండి. రాయనంటే ఇంకొకణ్ణి చూసుకోండి.

స్ట్రక్చర్‌లో కక్కుర్తి పడకండి. డాబా మీద బరువు గురించి అందరూ టెన్షన్ పడతారు, ఇనుముతో కలిపినా చదరపు మీటరుకి 15, 20 కిలోలే, మంచి స్లాబుకి అదొక లెక్క కాదు. భయపడాల్సింది కింద నుంచి దూరి పైకి లేపే గాలికి. మీ దగ్గర గాలివానలు అన్నారు కదా, అందుకే చెప్తున్నా, ఎత్తుగా పందిరిలా వేయిస్తే కింద చోటు కలిసొస్తుంది గానీ గాలి దెబ్బ కూడా అంతకంత పెరుగుతుంది, బోల్టులూ పునాది దిమ్మలూ దానికి తగ్గట్టు ఉండాలి. మరీ స్లాబుకి ఆనించి కూడా వేయొద్దు. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి, ఎండలో సెల్ 60 దాకా వేడెక్కుతుంది, డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున పడిపోతుంది, అంటే పదో వంతుకి పైగా అక్కడే పోయినట్టు. కింద గాలి ఆడితే కాస్త చల్లబడుతుంది. ఆ నీడకి మీ పై గది కప్పు కూడా పగలు అంత మండదు, దీన్ని ఎవరూ లెక్కలో వేయరు కానీ పై అంతస్తులో పడుకునేవాళ్లకి తెలుస్తుంది.

కడగడం పొద్దున్నే గానీ పొద్దుగూకాక గానీ చేయండి, కాలిన గాజు మీద చన్నీళ్లు కొట్టకూడదు. ఉప్పునీళ్లయితే తెల్ల మరకలు కట్టేస్తుంది, మెత్తటి బ్రష్‌తో మామూలు నీళ్లు చాలు. పిల్లలు ప్యానెల్స్ మీద ఎక్కకుండా చూసుకోండి, పైకి ఏమీ కనపడకపోయినా లోపల సెల్స్‌కి వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి.

మేడపైగది:

ఈ ఆదివారం సుద్దముక్క పట్టుకుని డాబా ఎక్కుతా. పక్కింటివాళ్లది మాకు పడమర వైపు, అంటే సాయంత్రం నీడే కదా, పర్లేదనుకుంటా? కారు ఆలోచన అయితే ఉంది, ఇంట్లో ఇంకా చెప్పలేదు.

నీడచెట్టు:

పడమర అయితే మూడు తర్వాతి కరెంటు కొంత పోతుంది, అంతే. ప్యానెల్స్‌ని తూర్పు అంచుకి జరిపి వేయమనండి. కారు సంగతి మాత్రం సైజు తేల్చకముందే ఇంట్లో చెప్పేయండి.